వెనక్కి నడిచిన ఎద్దులు

ఆ రోజుల్లో, అంటే నా పత్తొమ్మిదో ఏట, నాకు తెలియని సంగతి ఈ భూమ్మీద ఏదైనా ఉండొచ్చన్న అనుమానమే నాకు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నడకలోనే ఒక ధీమా ఉండేది. కడపలో పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం, ఎలక్ట్రానిక్సు. శనివారం సాయంత్రం బద్వేలు బస్సెక్కి ఇంటికి వస్తూ, మైక్రోకంట్రోలర్ పుస్తకం అట్ట పక్కవాళ్లకు కనబడేలా ఒళ్లో పెట్టుకునేదాన్ని (లోపల చదివింది తక్కువే, అట్ట మాత్రం బాగా అరిగింది). మా ఊరు బద్వేలుకు దగ్గర్లోనే. మా అమ్మ తమ్ముడు, నా మేనమామ, మా వీధిలోనే ఉంటూ బద్వేలులో మైకుసెట్టు, సీరియల్ లైట్ల అంగడి నడిపేవాడు. మా ఊర్లో పెళ్లయినా, చావైనా, ఓట్లయినా వెలుతురూ చప్పుడూ మామవే. ఆయన మైకు టెస్టింగు వింటూ పెరిగిన దాన్ని కాబట్టి, కరెంటు నా మేనరికమని నా నమ్మకం.

మాకు ల్యాబులో అసెంబ్లీ లాంగ్వేజీ చెప్పే మాస్టారిని అందరం రీసెట్ సారు అనేవాళ్లం. ఏ తేడా వచ్చినా ఆయన కుర్చీలోంచి లేవకుండానే "రీసెట్ కొట్టమ్మా" అనేవారు. ప్రోగ్రాము నడవకపోతే రీసెట్. అంకె తప్పు కొడితే రీసెట్. ఒకసారి మా స్నేహితురాలు కళ్లు తిరిగి బల్ల మీద తల వాల్చేస్తే అలవాటు కొద్దీ అదే మాట అనేశారు. పాపం, తర్వాత ఆయనే పరుగెత్తి సోడా తెచ్చారు. ఆ ల్యాబులో మాకు ఇచ్చింది కంప్యూటర్లు కాదు, కిట్లు. ఒక పలక, దాని మీద కొన్ని మీటలు, పైన మినుకుమనే ఎర్ర అంకెలు. కాగితం మీద అసెంబ్లీలో రాసుకోవాలి, ప్రతి మాటకూ దాని అంకె ఏమిటో వెతుక్కోవాలి, ఆ అంకెలను మీటలతో ఒక్కొక్కటే కొట్టాలి. అంతా కొట్టాక కరెంటు పోతే కొట్టిందంతా గోవిందా. కడపలో ఎండాకాలం కరెంటు సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. అలా కొట్టి, పోగొట్టుకుని, తిట్టుకుని, మళ్లీ కొట్టి, ఆ అంకెలు నాకు ఎక్కాల్లాగా నోటికి వచ్చేశాయి. 'ఎడమకు జరుపు' అంటే రెండు మూడు. 'కుడికి జరుపు' అంటే సున్నా మూడు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మా అమ్మ నిజంగానే ఒకసారి నిద్రలో విని, మా అవ్వ చేత నాకు దిష్టి తీయించింది.

ఈ అసెంబ్లీ ఏమిటో మామకు చెప్పడానికి నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒక ఆదివారం మామ ఇంటి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. "మామా, ఆ చిప్పుకు మన మాట తెలీదు, ఇంగ్లీషూ తెలీదు. దానికి తెలిసేది అంకెలే. ఆ అంకెలు మనకు గుర్తుండవు గదా, అందుకని ఒక్కో అంకెకూ ఒక పొట్టి మాట పెట్టినారు. తెచ్చుకో, జరుపు, కలుపు, ఒకటి తగ్గించు, ఫలానా చోటికి ఎగురు, ఇట్ల. ఆ మాటలే అసెంబ్లీ. వేరే భాషల్లో అయితే ఒక్క ముక్క చెప్తే మిగతాది మధ్యలో ఇంకోటి సర్దుకుంటాది. ఇందులో సర్దుకునేవాళ్లు ఎవురూ ఉండరు, అడుగడుగూ మనమే చెప్పాల."

మామకు అర్థం కాలేదని ఆయన మొహమే చెప్పింది. నేను వదల్లేదు. "ఇప్పుడు అవ్వకు దప్పికైంది. 'నీళ్లు తేమ్మే' అంటే నేను తెస్తా. అదే చిప్పుకైతే, లెయ్యి, వంటింట్లోకి పో, కడవ మూత తియ్యి, చెంబు ముంచు, పైకెత్తు, మూత పెట్టు, బయటికి రా, అని చెప్పాల. మూత పెట్టమని చెప్పకుంటే పెట్టదు. ఆగమని చెప్పకుంటే చెంబు పట్టుకోని ఈది చివరిదాకా పోతానే ఉంటాది."

లోపల్నుంచి మా అవ్వ అందుకుంది. "మీ తాత గూడా అంతేనమ్మే. అన్నం తినమని గూడా చెప్పల్ల. నేను నలభై ఏండ్లు ఆ బాసలోనే సంసారం చేస్తి."

మామ పగలబడి నవ్వాడు గానీ, ఆ ఏడాది ఆయనకు నవ్వే రోజులు కావు. కారణం చాందినీ బండి. మా వైపు అమ్మవారి తిరుణాల అంటే చుట్టుపక్కల ప్రతి ఊరూ ఒక చాందినీ బండి కట్టుకొస్తుంది. ట్రాక్టరు ట్రాలీ మీద వెదురుబొంగులతో ఎత్తుగా చట్రం కట్టి, రంగు గుడ్డలు చుట్టి, దాని నిండా దీపాలు వెలిగించి, జనరేటరుతో సహా తిరుణాల బయలుకు లాక్కొస్తారు. సాయంత్రమయ్యేసరికి బండ్లన్నీ వరసగా నిలబడతాయి. ఏ ఊరి బండి బాగుందో జనమే తేల్చేస్తారు, ఆ తీర్పు మళ్లీ ఏడాది దాకా పొలాల్లో, బస్సుల్లో, పెళ్లి పందిళ్లలో నడుస్తూనే ఉంటుంది. మా ఊరి బండికి దీపాలు ఎప్పుడూ మామవే. కానీ ఆ ముందు ఏడాది పక్కూరివాళ్లు ఎక్కడో బయట చేయించిన రెడీమేడ్ సెట్టు తెచ్చారు. దాని మీద చేపలు ఈదాయి, పూలు విచ్చుకున్నాయి. మా బండి మీద మామ బల్బులు పాపం వెలిగాయి, ఆరాయి, మళ్లీ వెలిగాయి, అంతే. మా ఊరి కుర్రకారు తలెత్తుకోలేకపోయారు. "ఈ తూరి మనం గూడా బయటినుంచే తెప్పిద్దాం" అని పట్టుబట్టారు.

ఊర్లో బండి వ్యవహారమంతా మీసాల పెద్దనాయన చేతిలో ఉండేది (మాకు చుట్టరికం ఏమీ లేదు, ఆ మీసాలు చూశాక ఎవరైనా పెద్దనాయనా అనే పిలుస్తారు). ఆయన మామను పిలిపించి, "ఏమప్పా, నీ మొగం చూసి ఈ ఒక్క తూరి నీకే ఇస్తాండా. చేపలు ఈదకున్నా పర్లే, ఏదో ఒకటి కదలల్ల. లేకుంటే పిల్లోళ్లు నా మాట గూడా వినరు" అన్నాడు. మామ అప్పటికే పాస్‌పోర్టు తీసుకుని అంగడి సొరుగులో పెట్టుకున్నాడు. మా వీధిలో సగం మంది మగవాళ్లు కువైట్‌లో ఉన్నారు, ఏజెంటు రెండు మాట్లు అంగడికి వచ్చి టీ తాగిపోయాడు. "తిరుణాలలో గూడా మన దీపాలు వద్దంటే ఇంగ ఈ అంగడెందుకు పాపా? మూసేసి పోతా. ఆడ ఏ షేకు ఇంట్లోనో ఫ్యాన్లు బిగిచ్చుకుంటా" అన్నాడు ఒక రోజు, మామూలుగా చెబుతున్నట్టు. మా అవ్వ ఆ మాట విన్న రోజు అన్నం ముట్టలేదు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది, దాని వెంటనే పౌరుషం వచ్చింది. "మామా, నేను కదిలిస్తా. నువ్వు సొరుగుకు తాళమెయ్యి" అన్నాను.

ఆలోచన నాదే, అందుకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. బండి ముఖాన అడ్డంగా ఎనిమిది గళ్లు. ప్రతి గడికీ పల్చటి గుడ్డ, గుడ్డ మీద తిరుణాలకు పోతున్న ఎద్దులబండి బొమ్మ, వెనకాల బల్బులు. మొదటి గడి వెలిగి ఆరగానే రెండోది, అది ఆరగానే మూడోది. చూసేవాళ్లకు ఒకే బండి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినట్టు ఉంటుంది. ఎనిమిదే ఎందుకంటే, నా చిప్పు ఒక్కసారికి ఎనిమిది దీపాల సంగతే చూడగలదు. ఒకటి వెలిగించు, పక్కకు జరుపు, మళ్లీ జరుపు. ఒక్క మాటతో ఎద్దులు నడిచేస్తాయి! రీసెట్ సారు ఇల్లు బద్వేలులోనే, రోజూ కడపకు బస్సులో వచ్చిపోయేవారు. ఆయన ఇంట్లో పాత కంప్యూటరు, చిప్పులో ప్రోగ్రాము రాసే చిన్న పెట్టె ఉన్నాయి. నా ఉత్సాహం చూసి ఆయన రెండు చిప్పులు కూడా తెప్పించి ఇచ్చారు. అందులో ఒకదాన్ని నేను మొదటిరోజే తిప్పి గుచ్చి కాల్చేశాను. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది.

రెండోదానితో మామ అంగడిలో మొదటిసారి స్విచ్ వేశాం. ఎనిమిది గళ్లూ ఒక్కసారే మసక మసకగా వెలిగి అలాగే ఉండిపోయాయి.

"అన్నీ ఒగటే తూరి వెలిగినాయి గదమ్మే. యాడ నడుస్తాండాది?" అన్నాడు మామ.

"నడుస్తానే ఉండాది మామా, మన కంటికి అందనంత వేగంగా నడుస్తాండాది" అన్నాను. ఒక గడికీ ఇంకో గడికీ నడుమ కాసేపు ఆగమని నేను చెప్పలేదు, అదీ సంగతి. చిప్పును ఆపాలంటే ఒక పెద్ద అంకె ఇచ్చి, ఒకటి తగ్గించు, సున్నా కాకపోతే మళ్లీ తగ్గించు అని పని పెట్టాలి. అది లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఆ కాసేపూ గడిచిపోతుంది. ఇది విని మామ నోరు తెరిచాడు. "ఊరికే కూర్చునేదానికి గూడా చెప్పాల్నా? మన ఊర్లో ఆ పని ఎవురికీ నేర్పిచ్చే పనే లే!" అని అంగడి ముందు కూర్చున్న నలుగురినీ చూశాడు. వాళ్లు కూడా నవ్వారు, లేవలేదు మాత్రం.

సారు ఇంటికి పోయి చిప్పును కడపకు పంపి చెరిపించి (చెరపడానికి వేరే పెట్టె ఉంటుంది, అది కాలేజీలోనే ఉండేది), ఆగే మాటలు కలిపి మళ్లీ రాశాను. ఈసారి దీపం ఒక్కో గడినీ దాటుకుంటూ నింపాదిగా పోయింది. ఎడమ నుంచి కుడికి. బొమ్మలేసినాయన ఎద్దులను కుడివైపుకు పోతున్నట్టే వేశానని చెప్పాడు. అంతా సరిపోయింది. మామ నా తల మీద చెయ్యి వేశాడు.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. చాందినీ బండి ముఖం తిరుణాల నాడు అమ్మవారి పేరు చెప్పి టెంకాయ కొట్టిందాకా ఎవరూ చూడకూడదు. కట్టేవాళ్లు కూడా వెనక పక్క నుంచే పని చేసుకోవాలి. అందుకని ఆ గళ్ల చట్రాన్ని బొమ్మలవైపు గోడకు ఆనించి, దుప్పటి కప్పి, వెనకవైపు నుంచే వైర్లు కట్టాం, వెనకవైపు నుంచే వెలిగించి చూసుకున్నాం. టెంకాయ కొట్టాక ఇంకో కట్టుబాటు. బండి అమ్మవారిదైపోయింది కాబట్టి దాని మీద చెయ్యి వేసి ఏదీ విప్పకూడదు, తిప్పకూడదు. తిరుణాల అయిపోయి ఊరికి తిరిగొచ్చాకే విప్పాలి. ఈ రెండు ఆచారాలూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎడమ కుడి అంటే ఏమిటో ఒకటో తరగతి నుంచి తెలుసు. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి ఆలోచించాలని మాత్రం తోచలేదు.

తిరుణాల నాడు పొద్దు వాలే వేళకు ఊరంతా బండి చుట్టూ చేరింది. మా అవ్వ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో నిలబడింది. మీసాల పెద్దనాయన టెంకాయ కొట్టాడు, ముసుగు లాగారు, డప్పులు మోగాయి. జనరేటరు గుడగుడమంది. మామ నన్ను చూశాడు, నేను ఠీవిగా స్విచ్ వేశాను.

ఎద్దులబండి వెలిగింది. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, బండిలో పిల్లాజెల్లా, ఎంత చక్కటి బొమ్మ! కుడివైపు చివరి గడిలో మొదట కనిపించింది. తర్వాత దాని వెనకాల గడిలో. తర్వాత ఇంకా వెనకాల గడిలో. ఎద్దులు కుడివైపుకే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, బండిని వెనక్కి నెట్టుకుంటూ ఎడమ చివరికి పోయాయి. మళ్లీ కుడి చివర ప్రత్యక్షమయ్యాయి. మళ్లీ వెనక్కి.

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెనక నుంచి చూసి ఎడమ కుడి లెక్కపెట్టాను, ముందు నుంచి చూసేవాళ్లకు అది తలకిందులు!

"ఏందప్పా ఇది?" అన్నాడు పెద్దనాయన. మీసాలు వణుకుతున్నాయి. "అమ్మోరి తిరుణాలకు ముందుకు పోతారా, ఎనక్కి పోతారా?"

"మేము ముందే చెప్తిమి గదా, బయటినుంచి తెప్పిద్దామని" అన్నారు కుర్రవాళ్లు.

మా అవ్వ వెంటనే చేయి అడ్డం పెట్టింది. "ఏమైంది ఇప్పుడు? తిరుణాల చూసుకోని ఇంటికొస్తాండారు అనుకోండి!"

"ఎద్దులు ఎనక్కి నడుచుకుంటా ఇంటికొస్తాయా అవ్వా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నా జన్మలో అంత చేదు నవ్వు నేను వినలేదు. మామ నవ్వలేదు. మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన కళ్లు అంగడి సొరుగు వైపు పోయాయని, అంగడి అక్కడ లేకపోయినా, నాకు తెలిసిపోయింది.

వైర్లు మార్చేద్దామంటే, అవన్నీ ఒకే రంగువి, కట్ట కట్టి బొంగుల్లోకి దూర్చేశాం. మార్చాలంటే బండి విప్పాలి. టెంకాయ కొట్టేశారు, విప్పకూడదు. బొమ్మలు తిప్పకూడదు. చట్రం ముట్టకూడదు. వెనకాల విడిగా తగిలించిన జనరేటరు బండిలో పెట్టిన చిప్పు పెట్టె ఒక్కటే చాందినీ బండి మీద లేదు. నేను దాన్ని తెరిచి, చిప్పును స్క్రూడ్రైవరుతో లేపి రుమాలులో చుట్టుకున్నాను.

"పెద్దనాయనా, బండిని పోనియ్యండి, దీపాలు ఆర్పి. ఇంకా ఎలుతురుండాది గదా, ఎవురికీ ఏం తెలీదు. తిరుణాల బయలు చేరేలోగా నేను వచ్చి ముందుకు నడిపిస్తా."

"నడిపియ్యకుంటే?"

"నడిపిస్తా అంటాండా గదా!" అని అరిచాను. ఊరి పెద్దమనిషి మీద అలా అరిచిన మొదటి ఆడపిల్లను నేనేనేమో. ఆయన మీసం కింద ఏదో గొణిగి ట్రాక్టరువాడికి సైగ చేశాడు.

మామ మోపెడు తీశాడు. బద్వేలు దావలో సగం దూరం పోయాక ఆయనే అన్నాడు, గాలికి సగం మాట పోతుండగా. "పాపా, కాకుంటే గూడా ఏం అనుకోగాకు. నువ్వు శానా కష్టపడితివి. నేను యాడున్నా నీ చదువుకు ఏం కావాల్నో పంపిస్తా." ఆ మాటకు నాకు ఆయన వీపు మీద రెండు గుద్దాలనిపించింది. గుద్దాను కూడా. "బిరీన పోనీ మామా, మాటలాపి" అన్నాను.

రీసెట్ సారు లుంగీ మీద ఉన్నారు, కొత్త చొక్కా వేసుకుని తిరుణాలకు బయలుదేరబోతున్నారు, నా ఎద్దులను చూడ్డానికే. చెప్పిందంతా విని కుర్చీలో కూలబడ్డారు. "అమ్మా, చెరపకుండా మళ్లీ ఎట్లా రాస్తాం? చెరిపే పెట్టె కాలేజీలో ఉంది. కాలేజీకి సెలవు. తాళం ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. ఇంకో చిప్పు ఉండేది..." అని ఆగిపోయారు, మర్యాదస్తుడు గనక. జీవితంలో మొదటిసారి ఆయన నోట రీసెట్ అన్న మాట రాలేదు.

నేను బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. నా ప్రోగ్రాములో తప్పు ఎంతని? ఒక్క మాట. ఎడమకు జరుపు అన్నచోట కుడికి జరుపు అనాలి. అంతే. రెండు మూడు తీసేసి సున్నా మూడు పెట్టాలి. కిట్టు మీద వందల మాట్లు కొట్టిన అంకెలే. అలవాటు కొద్దీ వేలితో బల్ల మీద గళ్లు గీసుకుంటూ రాశాను. చిప్పులో ఒక్కో అంకె కూడా ఎనిమిది గళ్లే, మా బండి ముఖం లాగానే. ప్రతి గడీ వెలుగుతూనన్నా ఉండాలి, ఆరిపోయన్నా ఉండాలి, ఏవి వెలిగాయన్న దాన్ని బట్టే అది ఏ అంకె అన్నది. రెండు మూడులో మూడు గళ్లు వెలుగుతాయి. సున్నా మూడులో రెండు. ఆ రెండూ మొదటిదానిలోనూ వెలుగుతున్నవే. తేడా ఒక్కటే గడి. అది వెలుగుతోంది, ఆరాలి.

అప్పుడు లేచాను, కుర్చీ వెనక్కి పడింది. "సార్! కొత్త చిప్పులో అన్ని గళ్లూ వెలుగుతానే ఉంటాయి గదా. మనం రాయడమంటే అక్కర్లేనివి ఆర్పడమే గదా. ఆరిపోయిన దాన్ని మళ్లీ వెలిగించాలంటేనే చెరిపే పెట్టె కావాల. వెలిగేదాన్ని ఆర్పేదానికి ఎందుకు సార్?"

సారు నా వైపు చూశారు, బల్ల మీది గీతల వైపు చూశారు. "నేనే పాఠం చెప్పినా," అన్నారు నెమ్మదిగా, "పరీక్షలో ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదే!" ఆ మాట అంటూనే కంప్యూటరు స్విచ్ వేశారు. చిప్పును పెట్టెలో గుచ్చుతుంటే మామ పక్కకొచ్చి నిలబడ్డాడు. తెర మీద 'చిప్పు ఖాళీగా లేదు, అయినా రాయమంటావా' అన్న అర్థం వచ్చే మాట కనబడింది. ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. "రాయమనమ్మా, అదెవరు మనల్ని అడగడానికి?" అన్నారు సారు. మీట నొక్కాను. ఒక్క గడి ఆరింది. అంతకు మించి ఏమీ జరగలేదు, చప్పుడు కూడా రాలేదు. నేనే గనక తప్పు రెండో దిక్కున చేసి ఉంటే, అంటే కుడిని ఎడమ చేయాల్సి వచ్చి ఉంటే, ఆ సాయంత్రం దేవుడు దిగొచ్చినా ఆ గడి వెలిగేది కాదు. తప్పు చేయడంలో కూడా నాకు అదృష్టం కలిసొచ్చిందని చెప్పుకోవాలి.

మోపెడు మీద ముగ్గురం. సారు లుంగీ మీదే వచ్చేశారు, దారి పొడవునా దాన్ని పట్టుకోవడానికే ఆయనకు రెండు చేతులూ చాల్లేదు. తిరుణాల బయలు ఇంకాస్త దూరం ఉందనగా ట్రాక్టరును అందుకున్నాం. పొద్దు గుంకింది. ముందు పోతున్న ఊర్ల బండ్లన్నీ వెలుగుతున్నాయి, మాదొక్కటే చీకటిగా నడుస్తోంది. మా ఊరివాళ్లు పక్కన తలలు వంచుకుని నడుస్తున్నారు. నేను పెట్టె తెరిచి చిప్పు గుచ్చాను (ఈసారి చిప్పు అంచున ఉండే గుర్తు గుంట ఎటువైపు ఉందో నాలుగుసార్లు చూసి). స్విచ్ వేశాను. గళ్లన్నీ చీకటి. ఏమీ వెలగలేదు.

మామ కళ్లు మూసుకున్నాడు. వెనక నుంచి, లుంగీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ సారు కేక పెట్టారు. "రీసెట్ కొట్టమ్మా!"

పెట్టెలోని రీసెట్ మీట కొట్టాను. ఎడమ చివర గడి వెలిగింది. ఎద్దుల కొమ్ములు, గంటలు, బండిలో పిల్లలు. తర్వాత దాని ముందు గడి. తర్వాత ఇంకా ముందు గడి. ఎద్దులు నింపాదిగా, తల ఊపుకుంటూ పోతున్నట్టే, తిరుణాల వైపు నడిచాయి. ట్రాక్టరు కూడా అటే పోతోంది. మీసాల పెద్దనాయన అడిగాడు, "ఇంగ ఎనక్కి పోదు గదా?"

"పోదు పెద్దనాయనా, అమ్మోరి మీద ఒట్టు."

"కొట్టండిరా డప్పులు!" అన్నాడాయన. ఆ డప్పులు ఎంత గట్టిగా కొట్టారంటే, మా అవ్వ చెవులు మూసుకుని ఏడుస్తూ నవ్వింది. మా మామ నన్ను చూసి, జనరేటరులో డీజిల్ ఉందో లేదో చూడ్డానికి వంగాడు. ఉందని ఆయనకు తెలుసు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను, చూడనట్టు నిలబడ్డాను.

ఆ ఏడాది మా బండి గొప్పదని జనం తేల్చారా అంటే, లేదు, పక్కూరి చేపలే గెలిచాయి. కానీ మర్నాటి నుంచి మామ అంగడికి చుట్టుపక్కల ఊర్లవాళ్లు రావడం మొదలుపెట్టారు. "మీ పాప చేసినట్టు మాగ్గూడా ఏదైనా నడిచేది చెయ్యండప్పా" అని. ఒకరికి కోడిపుంజు నడవాలి, ఒకరికి ఏనుగు, ఒకరికి వాళ్ల అభ్యర్థి. ఏజెంటు మూడోసారి వచ్చి టీ తాగిపోయాడు. మామ పాస్‌పోర్టు ఆ సొరుగులోనే గడువు తీరిపోయింది, ఆయన తీసి చూసుకోనే లేదు.

ఇప్పుడు నేను కర్నూలులో పిల్లలకు ఈ పాఠమే చెబుతున్నాను. వాళ్లు తెలివైనవాళ్లు, ఫోనును అడిగితే పేజీలకు పేజీలు ప్రోగ్రాము రాసిచ్చే కాలం వాళ్లది. "ఇంకా అసెంబ్లీ ఎందుకు మేడం?" అని అడుగుతారు. కోపం రాదు, మంచి ప్రశ్నే. మీ ఇంట్లో వాషింగ్ మిషనులో, బోరు స్టార్టరులో ఉన్న బుల్లి చిప్పు చివరికి వినేది ఆ పొట్టి మాటలనే, ఎప్పుడో ఒకరోజు దానితో నేరుగా మాట్లాడాల్సి వస్తుంది, ఆ రోజు మీకు మాట రావాలి గదా అంటాను. వాళ్లు తలలూపి రాసుకుంటారు. నేను ల్యాబులో అటూ ఇటూ తిరుగుతూ, ఎవరిదైనా నడవకపోతే దూరం నుంచే "రీసెట్ కొట్టమ్మా" అంటాను. నాకేం పేరు పెట్టారో నాకు తెలుసు, తెలియనట్టు ఉంటాను.

పోయిన తిరుణాలకు ఊరికి పోయాను. మామ అంగడి నిండా ఇప్పుడు ఎల్‌ఈడీలు, ఆయన తల నిండా తెల్ల వెంట్రుకలు. పాత గళ్ల చట్రం ఒక మూల, బొమ్మలవైపు గోడకు ఆనించి, దుప్పటి కప్పి ఉంది. "పని చేస్తాదా మామా?" అంటే, "యాల చెయ్యదు? ఊరికే కూర్చునేదానికి గూడా నువ్వు నేర్పితివి గదా" అని ప్లగ్గు పెట్టాడు. నేను చట్రం వెనకే నిలబడి ఉన్నాను, అలవాటు. బొమ్మలు కనబడవు, ఒట్టి బల్బుల వెలుగు ఒక్కో గడీ దాటుకుంటూ కుడి నుంచి ఎడమకు పోతోంది. ఇక్కడే, ఈ వెనకవైపే, పత్తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి, అంతా సరిపోయిందని అనుకుంది. ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే 'ఒక్కసారి ముందుకొచ్చి చూడవే' అని చెప్పాలనిపించింది. చెప్పనులే. చెబితే ఆ సాయంత్రం ఆ ఒక్క దీపం ఆర్పేది ఎవరు? నేను మామ చెయ్యి పట్టుకుని గోడకూ చట్రానికీ మధ్య సందులోకి దూరి, ముందువైపు నుంచి చూశాను. ఎద్దులు ముందుకే పోతున్నాయి.